సొలొమోను దేవాలయపు కొలతలు తర్వాతి కట్టడాలలో ఉన్నాయా?

రోము నగరం మధ్యనున్న వాటికన్‌లోని పోపు ప్రార్థనాలయమైన సిస్టీన్ చాపెల్‌ను, ప్రాచీన ఇశ్రాయేలు రాజు సొలొమోను యెరూషలేములో కట్టించిన దేవాలయపు కొలతలతో కట్టారనడం నిజమా, నిజమైతే యూదుల ప్రార్థనామందిరాలైన సినగాగ్‌లు కూడా అలాగే ఉండాలి కదా అని మీరు అడిగారు. చాపెల్ విషయంలో కుదిరింది కొలత కాదు, నిష్పత్తి. సినగాగ్ మాత్రం అలా ఉండకూడదన్నదే నియమం.

బైబిల్లోని రాజుల మొదటి గ్రంథం ప్రకారం ఆ దేవాలయం పొడవు 60 మూరలు, వెడల్పు 20, ఎత్తు 30. మన పూలంగళ్లలో లాగే మూర ఎవరి చేతిని బట్టి వారిది కాబట్టి, శతాబ్దాలు దాటి నిలవగలిగింది మూడు, ఒకటి, ఒకటిన్నర అన్న పొందికే. నాలుగవ సిక్స్టస్ పోపు 1481 నాటికి కట్టించిన చాపెల్ పొడవు సుమారు 40.9 మీటర్లు, వెడల్పు 13.4, ఎత్తు 20.7. ఆ వెడల్పును మూడుతోనూ ఒకటిన్నరతోనూ హెచ్చించి చూస్తే, వచ్చే తేడా ముప్పావు మీటరుకు లోపే.

అయితే అంకెలు కుదిరినంత మాత్రాన ఉద్దేశం రుజువు కాదని, వృత్తిరీత్యా సివిల్ ఇంజినీరునైన నాకు తెలుసు. మొదటిసారి వెళ్ళినప్పుడు మెడ పట్టేసేదాకా పైకప్పునే చూసి వచ్చేశాను. రెండోసారి పక్క గోడ మీద, క్రీస్తు తన శిష్యుడు పేతురుకు తాళపుచెవులిచ్చే పెరుజీనో చిత్రం ముందు ఆగాను. అందులోని రెండు విజయతోరణాల మీద, సంపదలో సొలొమోనుకు సాటి కాకపోయినా భక్తిలో అతనికంటె మిన్నయిన సిక్స్టస్ ఈ ఆలయాన్ని ప్రతిష్ఠించాడని లాటిన్‌లో రాసి ఉంది. నా లెక్కకంటె ఈ రాతనే నేను బలమైన సాక్ష్యంగా భావిస్తాను.

యూదుల సంగతి వేరు. సొలొమోను దేవాలయం స్థానంలో తర్వాత కట్టగా సా.శ. 70లో రోమన్లు కూల్చిన యెరూషలేము దేవాలయాన్ని పోలిన ఇల్లు కట్టరాదని, అందులోని ఏడు కొమ్మల దీపస్తంభం వంటిది చేయరాదని యూదుల ధర్మచర్చల గ్రంథమైన తాల్ముద్ చెబుతుంది. కనుక సినగాగ్ ఆ దేవాలయం నుంచి దిక్కును తీసుకుంది గాని కొలతను తీసుకోలేదు. యూరప్‌లో చూసిన అలవాటుకొద్దీ, కొచ్చిలోని 1568 నాటి పరదేశి సినగాగ్‌లో యూదుల ధర్మశాస్త్రమైన తోరా చుట్టలుంచే మందసం కోసం నేను తూర్పు గోడ వైపు చూశాను. అది పడమటి గోడకు ఉంది, ఎందుకంటే అక్కడి నుంచి యెరూషలేము ఉన్నది అటే.