ఫుల్ వచ్చిన అమ్మాయికి డబుల్ ఫుల్ ఎట్లా నేర్పాలి?

అన్నా, మీ సంగతి నాకు అర్థమైంది. నల్గొండలో మీ దగ్గర జిమ్నాస్టిక్స్ నేర్చుకునే పదమూడేళ్ల అమ్మాయి రౌండాఫ్ (చేతుల మీదుగా పక్కకు తిరిగి, వచ్చిన వైపు మొహం పెట్టి దిగడం), ఫ్లిక్ (చేతుల మీదుగా వెనక్కి గెంతడం) చేసి బ్యాక్ లేఅవుట్ ఫుల్, అంటే ఒళ్లు నిటారుగా ఉంచి కొట్టే వెనక పల్టీలో ఒక పూర్తి చుట్టు ట్విస్ట్, శుభ్రంగా దిగుతోంది, డబుల్ ఫుల్ కోసం రెండో ట్విస్ట్ అడిగితే మాత్రం ఒకటీ ముప్పావు దగ్గర పక్కకు పడిపోతోంది, "ఇంకా గట్టిగా తిప్పు" అని ఎంత అరిచినా లాభం లేదు, ఫోమ్ పిట్ (పడినా దెబ్బ తగలకుండా స్పాంజి ముక్కలు నింపిన గుంత) లేదు. నేను మహబూబ్‌నగర్‌లో నేర్పుతాను, మా దగ్గరా పిట్ లేదు, కాబట్టి ఉన్నవాటితో అయ్యేదే చెప్తాను.

ముందు ఆ "గట్టిగా తిప్పు" మానేయండి. ఆ మాట వినగానే పిల్లలు చేసే పని ఒక్కటే, కాళ్లు నేల మీద ఉండగానే భుజం తిప్పేస్తారు. దాంతో ఎత్తు పోతుంది, పల్టీ వంకర పోతుంది, గాల్లో ఉండే సమయం తగ్గుతుంది, ఉన్న కాస్త సమయంలో రెండు చుట్లు ఎక్కడ పడతాయి? నేల నుంచి కొంత ట్విస్ట్ అందరూ తెచ్చుకుంటారు, అది తప్పు కాదు. కానీ పెద్ద స్థాయి వాళ్లకు ఎక్కువ ట్విస్ట్ గాల్లోకి లేచాక చేతుల్ని, నడుమును ఒక పక్కకు కదపడం వల్లే వస్తుందని ఇంగ్లాండ్‌లో లఫ్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన యీడన్ 1993లో లెక్కలతో సహా రాశాడు.

అదెట్లా అంటే, రెండు చేతులూ చెవుల పక్కన ఉండగా నిటారుగా లేచింది అనుకోండి. ఎడమకు తిరిగే అమ్మాయి అయితే ఎడమ చెయ్యిని పక్క నుంచి కిందికి దించాలి, కుడి చెయ్యి ఇంకా పైనే ఉండాలి. చెయ్యి అటు దిగితే ఒళ్లు కొద్దిగా ఇటు ఒరుగుతుంది. అప్పటికే పల్టీ తిరుగుతూ ఉంది కాబట్టి, ఒరిగిన ఒంటికి ఆ తిరుగుడులోంచే కొంత ట్విస్ట్ అందుతుంది. తర్వాత కుడి చెయ్యి కూడా ఛాతీ మీదికి వచ్చి అతుక్కుంటే వేగం పెరుగుతుంది. అంటే పల్టీలో సత్తువ లేకపోతే ట్విస్ట్‌కి ఇవ్వడానికి ఏమీ ఉండదు. చేతులు దగ్గరికి తెస్తే ఏమవుతుందో నోటితో చెప్తే పిల్లలకు ఎక్కదు. ఆఫీసులో తిరిగే కుర్చీ ఉంటే కూర్చోబెట్టి, రెండు చేతుల్లో నిండు వాటర్ బాటిళ్లు ఇచ్చి చాచమని, మెల్లగా తిప్పి, ఛాతీకి తెచ్చుకోమనండి. నవ్వుతారు గానీ మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.

ఇప్పుడు అసలు విషయం. రెండో ట్విస్ట్‌ని చివర్లో అతికించలేం. మొదటిది తొందరగా అయిపోతే మిగిలే సమయంలోనే రెండోది పడుతుంది. మీ అమ్మాయి ఫుల్‌ని పక్క నుంచి స్లో మోషన్‌లో తీసి చూడండి. దిగేముందు చేతులు విప్పి నేలను చూసే తీరిక దొరుకుతోందా, లేక ట్విస్ట్ పూర్తవడం, కాళ్లు తగలడం రెండూ ఒకేసారి అవుతున్నాయా? రెండోదైతే ఆమెకు డబుల్ ఇంకా లేదు, ఎంత అరిచినా రాదు. డబుల్‌కి తల కిందులయ్యే సరికి దాదాపు ఒక చుట్టు అయిపోయి ఉండాలి. అందుకే నేను ముందు ఫుల్‌నే కష్టం చేస్తాను. దిగే చోట మ్యాట్‌లు పేర్చి, మోకాలి ఎత్తు దాకా మెల్లమెల్లగా పెంచుతాను. నేల పైకి వచ్చినట్టే కాబట్టి ఫుల్ ముందే ముగించక తప్పదు. ఆ ఎత్తు మీద చేతులు విప్పి నిలబడగలిగితే, తర్వాత మామూలు నేల మీద తనకే సమయం మిగిలినట్టు తెలుస్తుంది.

మా పాలమూరు వైపు ఊళ్ల నుంచి వచ్చే పిల్లలతో ఇంకో తంటా ఉంది. ఎండాకాలమంతా వ్యవసాయ బావుల్లో వెనక్కి పల్టీలు కొట్టి వస్తారు, భయం అసలుండదు, అది సగం పని అయినట్టే. కానీ గట్టు మీద కాళ్లుండగానే భుజం తిప్పడం, తల వెనక్కి పడేయడం కూడా అక్కడే అలవాటవుతుంది. నీళ్లలో వంకరగా పడినా ఏం కాదు కదా. అలాంటి వాళ్లకు కొన్నాళ్లు ట్విస్ట్ ఆపేసి ఉత్త లేఅవుట్ చేయిస్తాను. "తిరుగుతలేను సార్" అని మొహం మాడ్చుకుంటారు, మాడ్చుకోనీయండి.

దిగే చోటు గురించి మాత్రం గట్టిగా చెప్తున్నా. పిట్ లేదు కదా అని లాంగ్ జంప్ ఇసుకలో డబుల్ ప్రయత్నించనీయకండి. ఒకటీ ముప్పావు దగ్గర కాళ్లు తగిలితే మిగిలిన పావు చుట్టు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. పాదం ఇసుకలో దిగబడితే అది కదలదు, ఆ తిరుగుడంతా మోకాలి మీద పడుతుంది. మరీ మెత్తని మ్యాట్‌తో కూడా ఇదే బాధ. వీపు మీద పడే అభ్యాసాలకు మెత్తనిది వాడండి, కాళ్ల మీద దిగేటప్పుడు కొంచెం గట్టి మ్యాట్ ఉండాలి. డబుల్‌కి చేత్తో సపోర్ట్ ఇవ్వాలని కూడా చూడకండి, తిరిగే మోచెయ్యి నేరుగా మీ మొహానికే వస్తుంది. హైదరాబాద్‌లో పిట్ ఉన్న చోట ఎప్పుడైనా అవకాశం దొరికితే మొదటి డబుల్స్ అక్కడ చేయించడమే మేలు, బస్సు ఛార్జీ మోకాలి ఆపరేషన్ కంటే చవక.

మధ్యలో ఒకటిన్నర ట్విస్ట్ నేర్పాలా అని కూడా అడిగారు. నేర్పండి గానీ అక్కడే ఎక్కువ రోజులు ఉంచకండి. ఫుల్‌లోనూ డబుల్‌లోనూ దిగేముందు నేల కనిపిస్తుంది, ఒకటిన్నరలో కనిపించదు, ముందుకు పల్టీ కొట్టి దిగినట్టే ఉంటుంది. అలవాటు లేని పిల్ల కాళ్లు బిగబట్టి దిగి మోకాలు వెనక్కి విరుచుకుంటుంది. దిగాక ముందుకు రెండడుగులు నడవడం మొదటి రోజు నుంచే నేర్పండి.

అమ్మానాన్నల తొందర ఎట్లాగూ ఉంటుంది. మన హైదరాబాద్ జిమ్నాస్ట్ అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లో (పరుగెత్తి బల్ల మీదుగా ఎగిరే పోటీలో) కాంస్యం తెచ్చిందని చెప్పి, మా అమ్మాయికి ఎప్పుడు సార్ అని అడిగేవాళ్లు మా దగ్గరా ఉన్నారు. ఇంట్లో చూపించడానికి వీడియో కావాలంటే జపాన్ అబ్బాయి షిరాయ్ 2013 ఆంట్వెర్ప్ ప్రపంచ పోటీల్లో ఫ్లోర్ మీద చేసిన నాలుగు ట్విస్టుల లేఅవుట్ చూపించండి. అతని వయసు అప్పటికి పదిహేడే. స్లోగా పెట్టి, కాళ్లు నేల వదిలే క్షణంలో ఆపి భుజాలు ఎక్కడున్నాయో చూపించండి.

మీ అమ్మాయి వీడియో పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి తీసి పెట్టండి. ఎటు తిరుగుతుందో, రౌండాఫ్‌లో ముందు ఏ చెయ్యి నేలకు ఆనిస్తుందో కూడా రాయండి, ఆ రెండూ తెలియకుండా చేతుల గురించి ఇంతకంటే చెప్పలేను.