సమాధానం: బైపాస్ వస్తే పొలాలకు దారి ఎలా?

అన్నా, జాతీయ రహదారి బైపాస్ మీ ఊరి డొంకను, అంటే పొలాలకు వెళ్లే బండ్ల బాటను, అడ్డంగా కోసేస్తోందని, అండర్‌పాస్ లేదని రాశారు. భూసేకరణ నోటిఫికేషన్ వచ్చిందన్నారు కాబట్టి ముందు గెజిట్ తేదీ చూడండి. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం 3సీ సెక్షన్ ప్రకారం 21 రోజుల్లోపే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. అలా అభ్యంతరం చెప్పే వీలు ఆ భూమిలో హక్కు, ప్రయోజనం ఉన్నవాళ్లకే, కాబట్టి వాళ్లందరినీ కూడగట్టండి.

"అన్యాయం జరుగుతోంది" అని మాత్రమే రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ సర్వే నంబరు దగ్గర డొంక తెగుతోందో, కోతల మిషన్ పట్టాలంటే ఎంత ఎత్తు, వెడల్పు కావాలో, వాన నీళ్లు ఎటు పారతాయో ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు మీద ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి జతచేయండి. స్వయంగా చెప్పుకునే అవకాశం ఇవ్వడం అధికారి బాధ్యత. రసీదు తప్పక తీసుకోండి.

పర్యావరణ అనుమతి కోసం బహిరంగ విచారణ పెడితే, కనీసం 30 రోజుల ముందు ప్రకటించాలి. కౌలురైతులు, పాలు పోసే ఆడవాళ్లు అక్కడ మాట్లాడాలి, రోజూ ఆ దారిన నడిచేది వాళ్లే. ఆ విచారణకు కోరం, అంటే కనీసం ఇంతమంది రావాలన్న లెక్క, లేదు, జనం రాకపోయినా జరిగినట్టే లెక్క. చివర్లో చదివి వినిపించే మినిట్స్‌లో (అక్కడ జరిగినదాని రాతలో) అండర్‌పాస్ మాట ఉందని విన్నాకే అక్కణ్ణుంచి కదలండి.