పెట్టుబడికి ప్రతీక కావాలంటే మా గునుపురం రండి

పెట్టుబడిదారీ వ్యవస్థను నేటి సంస్కృతి ఏ బొమ్మల్లో చూపిస్తోంది, సమాజశాస్త్రం దాన్ని ఎలా అర్థం చేసుకుంటోంది అని అడిగారు. ఈ ప్రశ్నకు అందరూ ముందుగా చెప్పేది న్యూయార్కులోని కంచు ఎద్దు గురించే. 1989 డిసెంబరులో ఆర్టురో డి మోడికా అనే శిల్పి ఎవరి అనుమతీ లేకుండా స్టాక్ ఎక్స్ఛేంజి ముందు దించి వెళ్ళిన మూడు టన్నుల పైచిలుకు ఎద్దు అది. లేదంటే పొడుగు టోపీ, నోట్లో చుట్ట ఉన్న బొజ్జ షావుకారు బొమ్మ. ఇవన్నీ పాతబడ్డాయని నేను గట్టిగా చెబుతాను. ఒడిశాలోని రాయగడ జిల్లా గునుపురంలో బోర్డులు రాసి, గోడలకు బొమ్మలు వేసి బతుకుతున్నవాణ్ణి. ఈ కాలపు పెట్టుబడికి అసలైన ప్రతీక ఒక కంపెనీ ప్రహరీగోడ మీద నా చేతుల మీదుగానే తయారైంది.

గునుపురం కొండల్లో సవరలు అనే ఆదివాసులు ఉంటారు. పర్లాకిమిడిలో ఉండగా గిడుగు రామమూర్తి గారు పట్టుబట్టి నేర్చుకున్న భాష వీళ్ళదే. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, లేదా చనిపోయిన పెద్దలు ఏదో కోరుతున్నారని తెలిస్తే, లోపలి గోడకు ఎర్రమట్టి పూసి, వెదురు పుల్ల కొస నలిపి బియ్యప్పిండితో పటం వేస్తారు. దాన్ని ఇడితాల్ అంటారు. ముందు చట్రం గీసి లోపలికి నింపుకుంటూ పోతారు. అది అలంకారం కాదు, వచ్చిన ఆత్మ ఉండే ఇల్లు. దానికి కల్లు, అన్నం పెట్టి మొక్కుతారు.

కొన్నేళ్ళ కిందట ఒక కంట్రాక్టరు అలాంటి బొమ్మలు ఒక కంపెనీ గోడ పొడవునా వేయాలని పిలిచాడు. లెక్క చదరపు అడుగుకు. ఫోనులో దొరికిన బొమ్మలు అచ్చు తీయించి నా చేతిలో పెట్టాడు. నేల రంగు వేసి, సగం గోడ దాకా తెల్ల బొమ్మలు ఎక్కించేసరికి వచ్చి చూసి, "గొడ్డళ్ళు తీసేయండి, ఆ చేతుల్లో డోళ్ళు పెట్టండి. పైవాళ్ళు చూస్తే బాగుండదు" అన్నాడు.

ఈ జిల్లాలో గొడ్డలి చూస్తే ఉలికిపాటు ఎందుకో బయటివాళ్ళకు తెలియదు. 2000 డిసెంబరు 16న కాశీపురం దగ్గర మైకంచ్‌లో బాక్సైటు గనులకు ఎదురు నిలిచిన ఉద్యమం మీద పోలీసులు జరిపిన కాల్పులకు ముగ్గురు ఆదివాసులు బలయ్యారు. 2013లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట నియమగిరి కొండల మీద గ్రామసభలు జరిగితే, పన్నెండుకు పన్నెండూ బాక్సైటు గని వద్దన్నాయి. ఆ ఉద్యమంలో అక్కడి ఆదివాసులైన డొంగ్రియా కొంధులు భుజాన గొడ్డలితోనే నడిచారు. నేను బొమ్మలు వేసిన గోడకూ ఆ గనులకూ సంబంధం లేదు. అయినా గొడ్డలి పనికిరాలేదు. డోలు పనికొచ్చింది.

గొడ్డళ్ళ మీద మళ్ళీ ఎర్రరంగు పూస్తుంటే, గోడ వారన గడ్డి పీకుతున్న ఒక సవర ముసలాయన వచ్చి నిలబడ్డాడు. సంతలకు వచ్చే సవరలకు తెలుగు బాగానే వస్తుంది. చాలాసేపు చూసి, "ఎవరికి జబ్బు చేసింది బాబూ?" అని అడిగాడు. "ఎవరికీ లేదు తాతా, అందం కోసం" అన్నాను. ఆయన గోడ ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, "ఇంతమందికి ఇల్లు కట్టారు. వచ్చి కూర్చుంటే తిండి ఎవరు పెడతారు?" అన్నాడు.

సరుకు మీద మార్క్స్ ఎంత రాసినా, నాకు ఆ ఒక్క ప్రశ్నలో అదంతా కనిపించింది. పెద్దలకు కట్టిన ఇల్లు చదరపు అడుగుల్లోకి మారాక, ఎవరు ఎవరికి బాకీయో గోడ మీద మాయమైపోతుంది. మిగిలేది రేటు.

1867లో మార్క్స్ పెట్టుబడిని రక్తం పీల్చే పిశాచంతో పోల్చాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ దాన్ని బయటపడలేని ఉక్కు పంజరం అన్నాడు. ఇవి రెండూ భయపెట్టే బొమ్మలు. భయం వేస్తే మనిషి పారిపోతాడు, లేదా ఎదురు తిరుగుతాడు. ఇప్పటి పెట్టుబడి భయపెట్టదు. ముచ్చటగా ఉంటుంది, మన అమ్మమ్మ గోడలా ఉంటుంది. 1999లో ఫ్రెంచి సమాజశాస్త్రవేత్తలు బోల్టాన్‌స్కీ, షియాపెల్లో ఇదే చెప్పారు: పెట్టుబడి తనను తిట్టిన మాటలనే తీసుకుని, వాటితోనే తనను సమర్థించుకుంటుందట. వాళ్ళు ఫ్రాన్సులో 1968 నాటి ఉద్యమకారులు అడిగిన స్వేచ్ఛ, సృజన మేనేజర్ల పాఠాల్లోకి ఎలా చేరాయో చూపించారు. మా దగ్గర కొండవాళ్ళ బొమ్మ గొడ్డలి వదిలేసి గోడెక్కింది.

ఇంకో సంగతి. ప్రతీకలు పెద్ద నగరాల్లోనే పుడతాయని పుస్తకాలు చదివినవాళ్ళకు ఒక నమ్మకం. 1940ల్లో ఈ కొండల్లో తిరిగిన మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ సాహెబోసుం అనే ఆత్మ గురించి రాశాడు. క్యాంపులకు వచ్చే దొరల వెంట జబ్బులు వస్తాయని, సవరలు దొర టోపీ పెట్టిన కొయ్యబొమ్మలు చెక్కి నిలబెట్టేవారు. పటాల్లో సైకిళ్ళు, విమానాలు కూడా గీశారు. బొలీవియా తగరపు గనుల్లో కార్మికులు సైతాను బొమ్మకు సిగరెట్టు, సారా ఇచ్చి మొక్కుతారని 1980లో మానవశాస్త్రవేత్త మైకేల్ టౌసిగ్ రాస్తే ప్రపంచం చెప్పుకుంది. మన సవరలు తమ మీదికి వచ్చిన అధికారానికి రూపం ఇచ్చి, దాన్ని ఊరి బయట నిలబెట్టారు. ఇది సిద్ధాంతం కాకపోతే మరేది సిద్ధాంతం?

మా వృత్తి సంగతి కూడా చెప్పాలి. ఫ్లెక్సులు వచ్చాక చేతిరాత బోర్డు అడిగేవాడు లేడు. తెలుగు, ఒడియా రెండింటిలో రాయగలిగినవాళ్ళం ఈ సరిహద్దులో ఎందరమో ఉండేవాళ్ళం. ఇప్పుడు మాకు దొరికేది ఈ "గిరిజన కళ" గోడలే. అందులోనూ సవర కళాకారుణ్ణి పిలవరు. మమ్మల్ని పిలుస్తారు, ఎందుకంటే గొడ్డలి తీసేయమంటే మేము తీసేస్తాం, ఆయన ఒప్పుకోడు. చాలా ఊళ్ళు క్రైస్తవం తీసుకున్నాక ఇళ్ళలో ఈ పటాలు తగ్గాయి. ఇళ్ళలో తగ్గినకొద్దీ చీరల మీద, ఆఫీసు గోడల మీద పెరిగాయి.

మీరు దీని మీద పరిశోధన చేస్తున్నట్టయితే ముందు సవరల ఊళ్ళున్న పుట్టాసింగి వైపు వెళ్ళండి. పటం ఇంకా ఉన్న ఇల్లు ఒకటి వెతికి, ఎవరి కోసం వేయించారో అడిగి, వాళ్ళు చెప్పింది రాసుకోండి. కంపెనీ గోడలు తరువాత చూడవచ్చు, అవి దారి పొడవునా ఉన్నాయి. వానలు తగ్గాక రండి.