వైరల్ అయ్యేది మీ ఫోటోనా, మీ పేరా?

"వైరల్ మార్కెటింగ్ నాలాంటి చిన్న వ్యాపారికి పనికొస్తుందా? అసలు ఒక బ్రాండ్ పేరు నెట్‌లో అంత వేగంగా ఎలా పాకుతుంది?" అని అడిగారు కదా. మంగళగిరిలో మా పెద్దమ్మ వాళ్లకు చేనేత చీరల కొట్టు ఉంది, దాని వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ పనంతా నేనే చూస్తాను. ఆ అనుభవంతో చెప్తున్నాను: పనికొస్తుంది. కాకపోతే సరుకు ఫోటో పాకడం వేరు, దాంతోపాటు మన పేరు పాకడం వేరు. మీరు కష్టపడాల్సింది రెండోదాని కోసం.

మా దగ్గర జరిగేది చూడండి. ఇంట్లో ఉండి చీరలు అమ్ముకునే రీసెల్లర్లు మా గ్రూపుల్లో చాలామంది ఉన్నారు. మేం ఫోటో పెట్టగానే తీసుకుని, తమకో వందో నూటయాభయ్యో కలుపుకుని, తమ గ్రూపుల్లో వేస్తారు. అక్కణ్ణుంచి ఇంకొకరు తీసుకుంటారు. సాయంత్రానికి అదే చీర వేరే ధరతో మా పెద్దమ్మ ఫోన్‌కే తిరిగొస్తుంది. చేతిలో ఫోన్ తప్ప పెట్టుబడి లేని ఆడవాళ్లు ఎంతోమంది ఇలా సంపాదించుకుంటున్నారు, నాకది చాలా గొప్పగా అనిపిస్తుంది. కానీ ఫోటో చేతికి రాగానే రీసెల్లర్ ముందు మా కొట్టు పేరు కత్తిరిస్తుంది. తప్పేం లేదు. కొనేవాళ్లు నేరుగా మా దగ్గరికొస్తే ఆమె మార్జిన్ పోతుంది.

1996 జులై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ మొదలుపెట్టిన హాట్‌మెయిల్‌కి ఈ బాధ లేదు. అందులోంచి ఎవరు మెయిల్ పంపినా అడుగున ఒక లైను వచ్చేది, మీరూ ఉచితంగా ఈమెయిల్ తీసుకోండి అని. పంపేవాళ్లు పనిగట్టుకుని చేసిందేమీ లేదు, మామూలుగా ఉత్తరం రాసుకున్నారంతే. ఏడాదిన్నర తిరిగేసరికి వాడేవాళ్లు కోటి దాటారు. పేరు వాడకంలోనే కలిసిపోయింది కాబట్టి ఎక్కడికి వెళ్లినా వెంటే వెళ్లింది.

2019 దీపావళికి గూగుల్ పే పెట్టిన స్టాంపుల ఆట గుర్తుందా? దీపం, ఝుమ్కా, పువ్వు, లాంతరు, రంగోలీ, అయిదూ పోగేస్తే 251 రూపాయలు. రంగోలీ మాత్రం ఎవరికీ దొరికేది కాదు. "గూగుల్ పేలో నీ దగ్గర రంగోలీ ఉందా?" అని చుట్టాలను, ఆఫీసువాళ్లను, ఎప్పుడో విడిపోయిన క్లాస్‌మేట్లను కూడా అడిగారు జనం. యాప్ పేరు చెప్పకుండా ఆ ప్రశ్న అడగడం కుదరదు కదా.

ఇది చూశాకే మేం పనిని రెండుగా విడదీశాం. రీసెల్లర్లకు పేరులేని ఫోటోలు, పేరులేని పార్సిల్. అది అమ్మకం కోసం. పేరు కోసం మగ్గం దగ్గర వీడియోలు తీస్తాం. గుంట మగ్గం మీద నిజాం బోర్డర్ పడుతుంటే నేసే బాబాయి ఎలా నేస్తున్నాడో చెప్తాడు, ఆ మాటల మధ్యలోనే ఊరి పేరు, కొట్టు పేరు వస్తాయి. అవి తీసేస్తే వీడియోలో ఏమీ మిగలదు. వీటిని ఎక్కువగా పంచినవాళ్లు మా కస్టమర్లు కాదు. హైదరాబాద్‌లో, అమెరికాలో ఉంటున్న మన గుంటూరు వైపు వాళ్లు. "మా ఊరు" అని రాసి స్టేటస్ పెట్టుకున్నారు. వాళ్లకు అప్పటికి చీరతో పని లేదు, తమ ఊరిని నలుగురికీ చూపించుకోవాలనిపించింది. ఆర్డర్లు ఆ స్టేటస్‌లు చూసినవాళ్ల నుంచి వచ్చాయి.

కాబట్టి ఏదైనా తయారుచేసే ముందు, ఇది పంపితే పంపినవాళ్లకు ఏమొస్తుంది అని అడగండి. రీసెల్లర్‌కి డబ్బు, ఊరివాళ్లకు ఊరి గర్వం. 2014లో ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు కోసం తలమీద ఐస్ నీళ్లు పోసుకునే ఐస్ బకెట్ ఛాలెంజ్ అంతగా పాకింది పేరు పెట్టి పిలవడంతో. ఫలానావాడిని పిలుస్తున్నాను అని అందరి ముందూ అంటే ఆ ఫలానావాడు ఊరుకోలేడు. చాలామంది జబ్బు పేరు కూడా ఎత్తకుండా నీళ్లు పోసుకున్నా, ఏఎల్ఎస్ అసోసియేషన్‌కు 11.5 కోట్ల డాలర్లు చేరాయి. ఆ ఆగస్టులోనే హైదరాబాద్ జర్నలిస్టు మంజులత కళానిధి దాన్ని రైస్ బకెట్ ఛాలెంజ్‌గా మార్చారు. బకెట్ బియ్యం లేనివాళ్లకిచ్చి, ఫోటో పెట్టి, స్నేహితులను పిలవాలి. చేయాల్సిన పని పేరులోనే ఉంది, ఎవరూ విడిగా వివరించనక్కర్లేదు. నాకు తెలిసినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

వాట్సాప్‌ను నమ్ముకుంటే ఒక సంగతి. అయిదు చేతులు దాటిన మెసేజ్‌కి రెండు బాణాల గుర్తు పడుతుంది, 2020 ఏప్రిల్ నుంచి దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. గొలుసు పొడుగు కావాలని చూడకుండా మొదట పంపేవాళ్లను పెంచుకోండి. డబ్బిచ్చి ఇన్‌ఫ్లుయెన్సర్‌తో చేయిస్తే అది ప్రకటన అని పోస్టులోనే కనిపించాలి, ప్రకటనల మంచిచెడ్డలు చూసే సంస్థ ఆస్కీ (ASCI) 2021లోనే ఈ నియమం తెచ్చింది.

మీ సరుకు చేత్తో చేసేదైతే ఫోటో మీద తేదీ తప్పకుండా వేయండి. మగ్గం మీదనుంచి చీర దిగడానికి రోజులు పడుతుంది, ఫోటోకి ఆ లెక్క లేదు. ఎప్పుడో అయిపోయిన రంగు కోసం ఇప్పటికీ మాకు ఫోన్లు వస్తాయి. లేదని చెప్పి వదిలేయకుండా, ఆ నేతలోనే ఇప్పుడున్న రంగులు పంపిస్తాం. వాళ్లలో కొందరు ఇప్పుడు మా దగ్గరే నేరుగా కొంటున్నారు.