డ్రాగన్ గుహలో రెండు రౌండ్లకే పని అయిపోతోందా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో డ్రాగన్ల గోలే ఎక్కువ, అందుకని మిగతావన్నీ వచ్చే సంచికకి నెట్టేశాను. కింద చెప్పే నంబర్లన్నీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ (టేబుల్ చుట్టూ కూర్చుని డైస్ వేస్తూ తలా ఒక పాత్రగా కథ నడిపే ఆట) ఐదో ఎడిషన్‌లో 2014 రూల్స్‌వి, కొత్త రూల్స్ మాట వచ్చిన చోట విడిగా చెప్తాను.

ప్రశ్న: నమస్తే అండీ. నలుగురు ఫ్రెండ్స్‌కి డీఎంగా, అంటే కథ చెప్పి రాక్షసుల్ని ఆడించే మనిషిగా, క్యాంపెయిన్ (చాలా సెషన్లు సాగే ఒకే కథ) నడుపుతున్నా. ఫైటర్ (యోధుడు), రోగ్ (దొంగ), క్లెరిక్ (పూజారి), విజార్డ్ (మంత్రగాడు), అందరూ పదో లెవెల్‌కి వచ్చారు. ఆమధ్య ఒక యంగ్ రెడ్ డ్రాగన్‌ని పెడితే రెండు రౌండ్లకే చచ్చి ఊరుకుంది, అందరూ ఒకటే నవ్వు, నాకేమో తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు క్లైమాక్స్‌లో అడల్ట్ వైట్ డ్రాగన్ దాని మంచు గుహలోనే ఎదురవుతుంది. దాని హెచ్‌పీ (ఎంత దెబ్బ తట్టుకుంటుందో చెప్పే పాయింట్లు) రెట్టింపు చేసేస్తే సరిపోతుందా?

జవాబు: ఆ పని మాత్రం చెయ్యకండి. 200 ఉన్న హెచ్‌పీని 400 చేస్తే డ్రాగన్‌కి బలం రాదు, ఫైట్ సాగుతుంది అంతే. నాలుగో రౌండ్ నుంచి "కొట్టా, తగిలింది, 17, నెక్స్ట్" అని జపం చేసినట్టు చేస్తుంటారు, ఆరో రౌండ్‌కి ఫోన్లు బయటికొస్తాయి.

మీకు జరిగిందే నాకూ జరిగింది లెండి. నా మొదటి డ్రాగన్ కూడా యంగ్ రెడ్డే, 178 హెచ్‌పీ. పెద్ద చదరపు గది ఒకటి గీసి, మధ్యలో బంగారం కుప్ప పోసి, దాని మీద డ్రాగన్‌ని దిష్టిబొమ్మలా నిలబెట్టాను. ఒక్కసారి నిప్పు ఊదింది. మళ్లీ ఊదాలంటే దాని టర్న్ మొదట్లో డైస్ మీద 5 గానీ 6 గానీ పడాలి, అంటే మూడింట ఒక వంతు ఛాన్స్, నాకు పడ్డవి 2, ఆ తర్వాత 4. ఈలోపు ప్లేయర్లు నలుగురూ చుట్టూ మూగి కొట్టేశారు. ఒక్కో రౌండ్‌లో దానికి ఒక టర్న్, వాళ్లకి నాలుగు టర్న్‌లు, అసలు తేడా ఇక్కడే ఉంది. యంగ్ డ్రాగన్లకి లెజెండరీ యాక్షన్లూ (ఎదుటివాళ్ల టర్న్‌ల మధ్య చేసే అదనపు పనులు) ఉండవు, లెయిర్ యాక్షన్లూ (దాని తరఫున గుహ చేసే పనులు) ఉండవు, మీది కూడా ఇలాగే పోయుంటుంది.

అడల్ట్ అయ్యేసరికి లెక్క మారిపోతుంది. రౌండ్‌కి మూడు లెజెండరీ యాక్షన్లు వస్తాయి, వాటిని ఇంకొకళ్ల టర్న్ అయిపోగానే వాడుకోవాలి. సొంత గుహలో ఉంటే ఇనిషియేటివ్ (టర్న్‌ల వరస నంబర్, పెద్దది ముందు) 20 దగ్గర ఆ గుహే ఒక టర్న్ తీసుకుంటుంది. డీఎంలు కంగారులో మర్చిపోయేది ఈ లెజెండరీ యాక్షన్లనే, నేనైతే మూడు చొక్కా గుండీలు ముందు పెట్టుకుని ఒక్కోటి వాడినప్పుడల్లా పక్కకి జరుపుతాను, డ్రాగన్ టర్న్ రాగానే మూడూ వెనక్కి లాక్కుంటాను. ఎక్సెల్ షీటు కంటే ఇదే నయం.

ఇక గుహ సంగతి. నీళ్లలో మొసలికున్న బలం ఒడ్డు మీద ఉండదు కదా, డ్రాగన్‌కి కూడా అంతే, మీరు గీసే మ్యాపే దాని నీళ్లు. వైట్ డ్రాగన్ టర్న్‌కి 80 అడుగులు ఎగురుతుంది, 30 అడుగులు తవ్వుకుంటూ పోతుంది, 40 అడుగులు ఈదుతుంది. ఇన్ని తెలిసినదాన్ని 20 అడుగుల సీలింగున్న గదిలో పెట్టామంటే బోనులో వేసినట్టే. వంద అడుగుల ఎత్తు ఇవ్వండి, పైన మనుషులు తేలిగ్గా ఎక్కలేని మంచు అరుగు ఒకటి, కింద సగం గడ్డకట్టిన మడుగు, గోడల్లో అది తవ్వుకున్న సొరంగాలు ఒకటో రెండో ఉండాలి. నేలంతా జారే మంచే అనుకోండి, అది డిఫికల్ట్ టెర్రెయిన్ (నడక సగానికి పడిపోతుంది), పైగా ఒక టర్న్‌లో మొదటిసారి అడుగు పెట్టినవాడు డీసీ (డైస్‌తో అందుకోవాల్సిన నంబర్) 10 అక్రోబాటిక్స్ చెక్ ఫెయిలైతే పడిపోతాడు. డ్రాగన్‌కి ఐస్ వాక్ ఉంది కాబట్టి దానికి ఈ బాధలేవీ లేవు.

ఒక రౌండ్ నడిపి చూపిస్తాను. ఇనిషియేటివ్ 20, గుహ టర్న్: పార్టీకి సరిగ్గా మధ్యలో మంచుగోడ లేస్తుంది, 30 అడుగుల పొడుగు, 30 అడుగుల ఎత్తు, ఇటేమో క్లెరిక్, విజార్డ్, అటేమో ఫైటర్, రోగ్, అవతల ఏం జరుగుతోందో ఇవతలి వాళ్లకి కనపడదు. 18 మీద రోగ్ బాణం వేసి బండరాయి వెనక్కి పాకుతాడు, అతని టర్న్ అయిందో లేదో డ్రాగన్ ఒక గుండీ ఖర్చు పెట్టి 15 అడుగుల దూరం నుంచే తోకతో ఫైటర్‌ని ఒక్కటిస్తుంది. 14 మీద డ్రాగన్ టర్న్, ఊపిరి వదులుతుంది, 60 అడుగుల కోన్ (విసనకర్రలా విచ్చుకునే ఆకారం), సగటున 54 కోల్డ్ డ్యామేజ్, డీసీ 19 కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒంటి గట్టిదనంతో తట్టుకునే డైస్ పరీక్ష) పాసైతే అందులో సగం. ఇప్పుడు రోగ్ పడిపోయాడే అనుకోండి, క్లెరిక్ గోడ ఇవతల ఉన్నాడు, కనపడనివాడి మీద హీలింగ్ వర్డ్ వెయ్యడం కుదరదు. టేబుల్ దగ్గర అందరూ ఒక్కసారిగా మ్యాప్ మీదకి వంగి చూసే క్షణం అది, నేను డీఎంగా కూర్చునేదే దానికోసం. ఆ తర్వాత ఫైటర్ ఒళ్లు మండిపోయి రెండు దెబ్బలు వేస్తాడు, అతని టర్న్ చివర్లో రెండు గుండీలు పోసి రెక్కల దెబ్బ, పది అడుగుల్లో ఉన్నవాళ్లు డీసీ 19 డెక్స్ (చురుకుదనం) సేవ్ తప్పితే వెల్లకిలా పడతారు, డ్రాగన్ 40 అడుగులు పైకి లేచి అరుగు మీద కూర్చుంటుంది.

మళ్లీ 20. ఒకే లెయిర్ యాక్షన్‌ని వరసగా రెండు రౌండ్లు వాడకూడదు, కాబట్టి ఈసారి 20 అడుగుల రేడియస్‌లో గడ్డకట్టించే పొగమంచు. అందులో ప్లేయర్లకి చెయ్యి చాపితే చెయ్యి కనపడదు, డ్రాగన్‌కి మాత్రం 60 అడుగుల బ్లైండ్‌సైట్ ఉంది, పైనుంచి అందరూ కనపడుతూనే ఉంటారు. ఒక్క నంబర్ కూడా పెంచలేదు చూడండి, ఉన్నదాన్ని వాడామంతే.

ప్లేయర్లకి దారి లేకుండా చెయ్యమని కాదు నేననేది. ఆ మంచుగోడ ఏసీ (దెబ్బ తగలాలంటే డైస్‌తో అందుకోవాల్సిన నంబర్) 5, ప్రతి పది అడుగుల ముక్కకి 30 హెచ్‌పీ, నిప్పు తగిలితే రెట్టింపు డ్యామేజ్. విజార్డ్ స్కార్చింగ్ రే మూడు కిరణాలూ తగిలితే సగటు 21, గోడకి అది 42, ఒక ముక్క కూలిపోతుంది. కాబట్టి గోడ లేచినప్పుడు "కిందనుంచి చెమ్మ కారుతోంది, టార్చ్ దగ్గర పెట్టిన చోట కరుగుతోంది" అని ఒక్క మాట వదలండి, మిగతాది వాళ్లే అల్లుకుంటారు.

ఇంకోటి, వైట్ డ్రాగన్ ఇంటెలిజెన్స్ 8. అది చదరంగం ఆడదు, వేటాడుతుంది. గుంపు నుంచి విడిపోయినవాణ్ణి పట్టుకుంటుంది, తనని గాయపరిచినవాణ్ణి గుర్తుపెట్టుకుంటుంది. హెచ్‌పీ 60కి పడిపోయిందంటే సొరంగంలోకి దూరిపోనివ్వండి, ప్రాణం దానికి మాత్రం తీపి కాదా. వెంటపడాలా, ఆగి గాయాలు కట్టుకోవాలా అన్న గొడవ ప్లేయర్ల మధ్య మొదలవుతుంది, ఆ పది నిమిషాలు మీరు మంచినీళ్లు తాగొచ్చు. ఎన్‌కౌంటర్ లెక్కలో నలుగురు పదో లెవెల్ వాళ్లకి ఈ చాలెంజ్ రేటింగ్ (ప్రమాద స్థాయి) 13 డ్రాగన్ హార్డ్, డెడ్లీ కాదు. ఆ లెక్కకి గుహలో అరుగులూ సొరంగాలూ తెలీవు, అది మీరు గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: ఒక్క ఊపిరికే మా విజార్డ్ పోతాడేమోనని భయంగా ఉంది, ఆమెకి 62 హెచ్‌పీయే. స్క్రీన్ (డీఎం ముందు పెట్టుకునే అట్ట) వెనక డ్యామేజ్ కొంచెం తగ్గించి చెప్పనా?

జవాబు: తగ్గించకండి, ఒకసారి తగ్గించారని తెలిస్తే ఆ తర్వాత గెలిచిన ప్రతి ఫైట్ మీదా వాళ్లకి అనుమానమే. దానికి బదులు ముందే చూపించండి. గుహకి ఒక రోజు ప్రయాణం దూరంలో లోయలో గొర్రెల మంద కనపడుతుంది, ఎక్కడివి అక్కడే నిలబడి గడ్డకట్టిపోయి ఉన్నాయి, నోట్లో గడ్డి అలాగే ఉంది. పైనుంచి చూస్తే చచ్చినవన్నీ విసనకర్ర ఆకారంలో ఉన్నాయి, ఆ ఆకారానికి బయట మూడు గొర్రెలు బతికి అరుస్తున్నాయి. మీరేం చెప్పక్కర్లేదు, ఎవరో ఒకరు "అడుగులు లెక్కపెట్టండ్రా" అంటారు, అరవై అని తేలుతుంది, గుహలోకి వెళ్లేటప్పుడు అందరూ విడివిడిగా నడుస్తారు. క్లెరిక్‌కి ప్రొటెక్షన్ ఫ్రమ్ ఎనర్జీ గుర్తొస్తే ఇంకా మంచిది, అది మూడో లెవెల్ స్పెల్, 54 కాస్తా 27 అవుతుంది. ఇంత చూపించాక కూడా నలుగురూ ఒకే వరసలో గుంపుగా దూరారంటే పాపం మీది కాదు. ఇంకా ధైర్యం చాలకపోతే, 54 తగిలినా ఆమెకి 8 మిగులుతాయి, గాయాల్లేకుండా లోపలికి వెళ్తే సగటు దెబ్బకి పడిపోదు, కాబట్టి గుహ ముందు లాంగ్ రెస్ట్‌కి (హెచ్‌పీ మొత్తం తిరిగొచ్చే విశ్రాంతి) అవకాశం ఇవ్వండి.

ప్రశ్న: కొత్త మాన్‌స్టర్ మాన్యువల్ కొన్నాను, అందులో ఇనిషియేటివ్ 20 లెయిర్ యాక్షన్లు ఎక్కడా లేవు, పేజీలు మిస్ అయ్యాయా?

జవాబు: లేదండీ, 2025లో వచ్చిన పుస్తకంలో తీసేశారు. అడల్ట్ డ్రాగన్ గుహలో ఉంటే లెజెండరీ యాక్షన్లు 3 బదులు 4, లెజెండరీ రెసిస్టెన్స్ (ఫెయిలైన సేవ్‌ని పాసయినట్టు మార్చుకునే అవకాశం) కూడా 3 బదులు 4, అంతే. నడపడం తేలికైంది, ఒప్పుకుంటాను, కానీ గుహకి నోరు లేకుండా పోయింది. నేనైతే పాత మంచుగోడ ఇప్పటికీ వాడతాను, ప్లేయర్లకి ముందే చెప్పి.

ప్రశ్న: మా విజార్డ్ వేసిన మంచి స్పెల్స్ అన్నీ లెజెండరీ రెసిస్టెన్స్ మింగేసింది, వాడు అలిగి సెషన్ చివరిదాకా మాట్లాడలేదు.

జవాబు: "లేదు, పాసయింది" అని పొడిగా చెప్పుంటారు. మీరు వాడినప్పుడల్లా కనపడేలా చెప్పండి: డ్రాగన్ మెడ మీద పొలుసులు పగిలి ఊడిపోయాయి, రెండోసారి కొమ్ము చీలింది. మూడుసార్లే అని కూడా బయటికి చెప్పేయండి, దాచి సాధించేదేం లేదు. అప్పుడు స్పెల్ వేస్ట్ అయినట్టుండదు, ఇంకో రెండు ఊడగొడితే హోల్డ్ మాన్‌స్టర్ (కదలకుండా కట్టేసే స్పెల్) పడుతుందని మిగతావాళ్లు కూడా ప్లాన్ వేస్తారు.

ప్రశ్న: డ్రాగన్ మినియేచర్ (మ్యాప్ మీద పెట్టే చిన్న బొమ్మ) లేదు, కొనాలా?

జవాబు: అక్కర్లేదు. అడల్ట్ అంటే హ్యూజ్ సైజు, గ్రిడ్ మీద మూడు గళ్లకి మూడు గళ్లు. అట్టపెట్టె ముక్క కత్తిరించండి, ఎగురుతున్నప్పుడు కింద ఒక గ్లాసు పెట్టండి.

ప్రశ్న: డ్రాగన్ చచ్చాక నిధిలో పదివేల బంగారు నాణేలు పెట్టాను. మావాళ్లు "తీసుకున్నాం, పంచుకున్నాం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు, ఏదో వెలితిగా ఉంది.

జవాబు: రూల్స్ ప్రకారం 50 నాణేలు ఒక పౌండు. పదివేలంటే 200 పౌండ్లు. స్ట్రెంత్ 16 ఉన్న ఫైటర్ మోయగలిగేది మొత్తం 240, ఒంటి మీద ప్లేట్ ఆర్మరే 65 పౌండ్లు తినేస్తుంది. పైగా వైట్ డ్రాగన్ నిధి కుప్పగా ఎందుకుంటుంది, మంచులో బిగుసుకుపోయి ఉంటుంది, పక్కనే అది చంపి దాచుకున్న శత్రువులు నిలువునా గడ్డకట్టి ఉంటారు. నాణేల కోసం మంచు కరిగించడం మొదలుపెట్టగానే పక్క మంచులోంచి ఒక చెయ్యి బయటపడుతుంది, దాని వేలికి క్యాంపెయిన్ మొదట్లో వాళ్లు వెతికి వెతికి వదిలేసిన ఉంగరం ఉంటుంది. ఇప్పుడడగండి, ఎవరు ఏం తీసుకుంటారో.