బెంగళూరులో కప్పలను గమనిస్తూ క్షేత్ర పరిశోధన నేర్చుకోవచ్చా?

జంతుశాస్త్రంలో డిగ్రీ చదువుతున్నానని, ప్రయోగశాల గాని ఖరీదైన పరికరాలు గాని లేకుండా బెంగళూరులో కప్పలను గమనిస్తూ క్షేత్ర పరిశోధన నేర్చుకోవడం సాధ్యమా అని అడిగారు. సాధ్యమే. నేను యలహంకలో ఉంటూ మూడు వర్షాకాలాలు హెసరఘట్ట వైపు చెరువు గట్ల మీద, రాగి చేల పక్కన తిరిగి నేర్చుకున్నాను.

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు ముందుగా చెప్పాలి. వాన పడిన రాత్రుల్లోనే వెళ్లేవాణ్ణి. పుస్తకంలో "మంచి వాన, కప్పలు చాలా ఉన్నాయి" అని రాసుకునేవాణ్ణి. వానకూ కప్పల అరుపులకూ ఉన్న సంబంధాన్ని చూపాలని ఏడాది చివర కూర్చుంటే, పరిశోధన చేసే ఒక మిత్రుడు "వాన లేని రాత్రుల లెక్క ఏది?" అని అడిగారు. లేదు. "చాలా" అంటే ఎన్నో, ఎంతసేపు వెతికితే కనిపించాయో కూడా లేదు. ఆ పుస్తకం జ్ఞాపకంగా మిగిలింది గాని ఆధారంగా పనికిరాలేదు.

రెండో ఏడాది నుంచి ప్రతి శనివారం, వాన ఉన్నా లేకున్నా, చీకటి పడ్డాక అదే గట్టు మీద అదే 100 మీటర్ల దూరం సరిగ్గా 30 నిమిషాలు నడిచాను. తేదీ, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, ఉష్ణోగ్రత, గాలి, వాన, కనిపించినవి ఎన్ని, వినిపించినవి ఎన్ని అన్నవి విడివిడి గడుల్లో రాశాను. ఏమీ కనిపించని రాత్రి "సున్న" అని రాశాను.

జాతిని గుర్తించడంలో తొందర వద్దు. గోదురు కప్పను ఎవరైనా పోల్చుకుంటారు. మట్టిలో దాక్కునే కప్పలతోనే కష్టం. ఒక రాత్రి తడి ఇసుకలో ఒకటి నా టార్చి వెలుగులోనే వెనుక కాళ్లతో మట్టిని పక్కలకు నెడుతూ, ముఖం నా వైపే ఉంచి, వెనక్కి వెనక్కి భూమిలోకి దిగిపోయింది. దాని వెనుక పాదాల అడుగున పార అంచులాంటి గట్టి బుడిపె ఉంటుంది. ఈ రకం కప్పల ప్రజాతి పేరు స్ఫీరోథెకా. వాటిలోనే ఒకదాన్ని బెంగళూరు ఉత్తరాన ఉన్న రాజానుకుంటె సమీపంలో గుర్తించి, 2020లో స్ఫీరోథెకా బెంగళూరు అనే పేరుతో కొత్త జాతిగా ప్రకటించారు. రూపంతో పాటు జన్యువులను కూడా పోల్చి నిర్ధారించిన జాతిని మనం టార్చి వెలుగులో చూసి తేల్చేయడం సరికాదు కాబట్టి, నేను "స్ఫీరోథెకా, జాతి తెలియదు" అని రాసి ఫోటో జతచేస్తాను. చూసినదాన్ని, ఊహించినదాన్ని వేర్వేరుగా రాయడం నాకు అక్కడే అలవాటైంది.

అరుపులను ఫోనులోనే రికార్డు చేయవచ్చు. ప్రతి రికార్డింగు చివర స్థలం, సమయం, ఉష్ణోగ్రత మీ గొంతుతో చెప్పండి. కప్ప శరీరపు వేడి పరిసరాల వేడిని బట్టి మారుతుంది, దానితోపాటు అరుపుల వేగమూ మారుతుంది, కాబట్టి ఉష్ణోగ్రత లేని రికార్డింగును మరొకదానితో పోల్చలేము.

కప్పలను పట్టుకోకండి. వాటి చర్మం నీటినీ గాలినీ పీల్చుకుంటుంది. మన చేతులకు పూసుకున్న దోమల మందు వాటికి హాని చేస్తుంది. ఒక చెరువు నుంచి మరో చెరువుకు వెళ్లే ముందు బూట్లు కడిగి ఆరబెట్టండి, ఎందుకంటే కైట్రిడ్ అనే శిలీంధ్రం వల్ల కప్పలకు వచ్చే వ్యాధి తడి బురదతో పాటు వ్యాపించగలదు. రక్షిత జాతులను పట్టాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. కప్పలున్న చోటికి పాములూ వస్తాయి. గంబూట్లు, తోడుగా ఒక మనిషి ఉండాలి.

హెసరఘట్ట వైపు ఊళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక రాత్రి రాగి చేను కాపలాకు వచ్చిన పెద్దావిడ "ఏమప్పా, టార్చి పట్టుకొని ఏం వెతుకుతా ఉండావు?" అని అడిగారు. చెప్పాను. "చెరువు కాడ ఏముంటాయి, మా చేను పక్క గుంటకు రా, పెద్దవి అక్కడికే వస్తాయి" అన్నారు. ఆమె అనుమతితో మూడో ఏడాది ఆ గుంటనూ నా పట్టికలో చేర్చుకున్నాను. వరుసగా తొమ్మిది శనివారాలు సున్నే రాశాను. పదో శనివారం, మధ్యాహ్నం పడిన పెద్ద వాన తర్వాత, ఆ గుంటలో పసుపు ముద్దల్లా మెరిసిపోతూ, నీలం గొంతు సంచులు ఉబ్బించి అరుస్తున్న మగ బావురు కప్పలు పదకొండు లెక్కపెట్టాను. అవి ఆ వారంలోనే వచ్చాయని నేను ధైర్యంగా రాయగలిగింది పైనున్న ఆ తొమ్మిది సున్నల వల్లనే.