రోజువారీ జీవితంలో ఉదారమైన దయ ఎలా చూపాలి?

బైబిల్ చెప్పే ఉదారతను రోజూ పాటించడం ఎలా అని అడిగేవారికి నేను ముందుగా చూపించేది రూతు గ్రంథం 2వ అధ్యాయం. పొలం అంచులు పూర్తిగా కోయకుండా పేదలకు, పరదేశులకు వదలమని లేవీయకాండము 19:9-10 ఆజ్ఞ. పొలం యజమాని బోయజు అంతటితో ఆగలేదు. తన పొలంలో పరిగె ఏరుకుంటున్న పరదేశి, పేద విధవరాలు రూతు కోసం పనల్లోంచి కొన్ని పిడికెళ్లు కావాలనే లాగి వదిలేయమని, ఆమెను గద్దించవద్దని పనివాళ్లకు చెప్పాడు. ఆ అదనపు వెన్నుల కోసం ఆమె అడగాల్సిన పనే రాలేదు. సాయం అందింది, గౌరవమూ నిలిచింది. నాకు ఎంతో ఇష్టమైన విషయం ఇది.

అందుకే జీతంలో, టైమ్‌లో కొంత ముందే పక్కన పెట్టండి. మిగిలితే ఇద్దామనుకుంటే తరచుగా ఏమీ మిగలదు. ఇచ్చింది చాటుకోకండి (మత్తయి 6:3). స్తోమతకు మించి ఇవ్వాలని టెన్షన్ పడొద్దు. బలవంతంగా కాక మనసులో నిశ్చయించుకున్నట్టే ఇవ్వమని 2 కొరింథీయులకు 9:7 చెబుతోంది. డబ్బు లేనప్పుడు ఒంటరివారి మాట తీరిగ్గా వినండి.